రెండు పీటలు

అయినా ఒక్క మాటకి అన్ని అర్థాలెందుకు, ఒకటో రెండో పెట్టుకుని సర్దుకోవచ్చు కదా ఈ ఇంగ్లీషువాళ్ళు, అనుకుంది సుచిత్ర కారు అద్దం సగం దించి, వెనక సీట్లో సాయిప్రియ ఇంకా షేర్ అనే మాట మీదే ఉంది, గుండ్లపోచంపల్లిలో కాలనీ గేటు దాటుతుండగా మొదలుపెట్టింది, హైవే ఎక్కి గోదాముల వరస దాటినా దిగలేదు, షేర్ అంటే వాటా అన్నయ్యా, అది అందరికీ తెలిసిందే, పంచుకోవడం కూడా షేరే, కష్టం ఒకరితో చెప్పుకోవడం కూడా షేరే, ఇద్దరు ఒకే గదిలో ఉంటే అదీ షేరే, ఫోన్లో ఒకరు పంపింది ఇంకొకరికి పంపితే షేర్, స్టాక్ మార్కెట్లో కొనేదీ షేరే, అని వేళ్ళు మడుస్తూ చెబుతోంది, స్టీరింగ్ పట్టుకున్న మొగుడు అన్వేష్ అన్నిటికీ తల ఊపుతున్నాడు, ఇంట్లో పెళ్ళాం గ్యాస్ అయిపోయిందని చెబితే ఏంది ఏంది అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకునే మనిషి, ఇప్పుడు చెవులు రిక్కించి, గంతేనా అమ్మా ఇంకున్నయా, అని అడుగుతున్నాడు, ఉంటాయి, ఎందుకుండవు, ఆమె ఉద్యోగమే అది, ఏదో కంపెనీ ఫోన్ యాప్ కోసం ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాయడం, ఒక్కో మాటకున్న అర్థాలన్నీ, దానికి దగ్గరి మాటలన్నీ, ఒక్కోదానికి ఒక్కో వాక్యం, రాసుకోనీ, జీతమిస్తున్నారు కాబట్టి రాస్తుంది, కానీ ఆ మాటల కోసం తన తల్లి దాకా ఎందుకు పోవాలి, పక్కింటి పిల్ల పక్కింట్లోనే ఎందుకుండదు, రావల్కోల్లో తన తల్లిగారింట్లో ఇవాళ తనకి పోసే ఒడిబియ్యం ఈమెకి కూడా ఎందుకు పోయాలి, పెళ్ళయిన కూతుర్ని ఐదేళ్ళకోసారి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, కన్నవాళ్ళు దోసిళ్ళతో పసుపు బియ్యం ఒడిలో పోస్తారు, కూతురికి పోస్తారు, ఊళ్ళో అందరికీ పోయరు, సుచిత్ర ఆ ఇంటికి ఒక్కగానొక్క పిల్ల, అన్న లేడు తమ్ముడు లేడు, ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ వేసింది ఒక్క పీటే.

గోడ దగ్గర మొదలైంది ఇదంతా, రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకటే గోడ, తెనాలి వైపు నుంచి వచ్చి దిగారు సాయిప్రియా ఆమె మొగుడు భానుతేజా, అతను శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో, తెల్లారకముందే బస్సెక్కి పోతాడు, ఈమె ఒక్కతే ఇంట్లో, సుచిత్రకి మొదట్లో నచ్చింది కూడా, ఆ సంగతి ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేదు గానీ నచ్చింది, అక్కా అక్కా అంటూ గోడ మీంచి గిన్నెలు అందించేది, ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే అడిగింది, అక్కా షేర్‌ని మీ వైపు ఏమంటారండీ, ఇంకా ఏమన్నా మాటలున్నాయా, అని, షేర్‌ని షేరే అంటం, ఇంకేమంటం, అంది సుచిత్ర క్లిప్పు పళ్ళతో పట్టుకుని, అక్కడితో అయిపోవాల్సిన ముచ్చట, కానీ ఆవేళ అమ్మ వచ్చి ఉంది, సత్యమ్మగారు, రావల్కోల్ మాజీ సర్పంచ్ భార్య, మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తింది, గదేందే సుచిత్రా, ఎందుకు లేవు మాటలు, వాటా లేదా, భాగం లేదా, పొలం పాలుకిస్తరు గా పాలు లేదా, మనకు మీ పెద్దనాయినోళ్ళకు బోరు పొత్తుల లేదా, ఇద్దరొక్క తల్లెల తింటె పొత్తుల తినుడు అనమా, అని ఒకదాని వెనక ఒకటి అంటూనే ఉంది, ఆ పిల్ల గోడ అవతల గంతులేసింది, ఆగండి ఆంటీ ఆగండి, అని లోపలికి పరిగెత్తి కంప్యూటర్ తెచ్చి గోడ మీద పెట్టుకుంది, మర్నాడు గోడ దగ్గర కుర్చీ వచ్చింది, ఆ మర్నాడు అమ్మే గేటు దాటి అటు పోయింది, రెండ్రోజులుండి పోతానని వచ్చిన మనిషి పదిరోజులుంది, సాయి కాడ పని నడుస్తాంది బిడ్డా, అంటూ, ఎవరి పని, ఏం పని, సుచిత్ర ఉప్మా చేసి పిలిస్తే గోడ అవతల నుంచి, తినేసిన బిడ్డా, సాయి పెసరట్టేసింది, అని జవాబు, ఆ పెసరట్టు వాసన ఇప్పటికీ సుచిత్రకి పడదు.

తర్వాత ఫోన్లు, సాయంత్రం దీపం పెట్టగానే అమ్మ ఫోన్ చేసేది ఎప్పుడూ, పెళ్ళయిన రోజు నుంచీ తప్పలేదు, ఏం కూర చేసినవు, అల్లుడొచ్చిండా, పోరడు సదువుతుండా, అంతే, అంతకన్నా ఏమీ ఉండదు అందులో, అయినా ఆ కొంచెం కోసం చెయ్యి ఫోన్ వైపు పోయేది, ఇప్పుడు తనే చేస్తే లైన్ బిజీ, కాసేపాగి చేస్తే బిజీ, గోడ అవతల నుంచి కిలకిల నవ్వులు, అదిగో అక్కడుంది అమ్మ, ఫోన్లో, ఆ పిల్లకి ఇప్పుడు ఆంటీ కాదు, మెల్లమెల్లగా అమ్మ అయింది, అమ్మా కర్రు అంటే ఏంటమ్మా, షేర్‌కి అది కూడా అర్థమట, నాగలి కింద ఉంటుందట, అని ఆ పిల్ల అడగడం, కర్రంటే కర్రేనే, నాగలికి కింద ఇనుప ముక్క, భూమిని చీరేది, గది కూడ షేరేనా, ఓరి వీళ్ళిల్లు బంగారం గాను, అని స్పీకర్ పెట్టిన ఫోన్లో అమ్మ పడిపడి నవ్వడం గోడ ఇవతలికి వినబడింది, సుచిత్ర పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, భూమిని చీరేది, ఆ అర్థం మాత్రం బాగుంది, పంచడానికీ చీల్చడానికీ ఒక్కటే మాట పెట్టినవాళ్ళకి ఏదో తెలుసు, అప్పటిదాకా చెప్పిన అర్థాల్లో సుచిత్రకి బాగా పట్టుబడింది అదొక్కటే, ఇంకా ఉంది, అమ్మ సర్వపిండి చేస్తుంటే ఆ పిల్ల వీడియో తీసి ఎక్కడెక్కడికో షేర్ చేసింది, సుచిత్ర దాన్ని చూసింది ఎక్కడయ్యా అంటే కొంపల్లిలో పార్లర్‌లో, కనుబొమ్మలు తీసే ఆమె ఫోన్లో, గీ అవ్వ చేతి సర్వపిండి చూడుండ్రి మేడం, మస్తుంది, అని ఆమె చూపిస్తే, తన తల్లిని తనకి పార్లర్‌ మనిషి చూపించాల్సి వచ్చింది.

మేడ్చల్ వచ్చింది, డిపో దగ్గర ఆటోలు అడ్డంగా ఆగి ఉన్నాయి, శామీర్‌పేట శామీర్‌పేట, ఒక్కరు ఒక్కరు, అని డ్రైవర్లు కేకలు, చూడండి అన్నయ్యా ఇదీ షేరే, షేర్ ఆటో, అని సాయిప్రియ నవ్వింది, అన్వేష్ హారన్ కొట్టి, అవు, ఒక్కర్ని ఎక్కించుకుంటనని పదిమందిని ఎక్కిస్తడు, గదే షేరంటె, అన్నాడు, ఇద్దరూ నవ్వారు, సుచిత్ర కిటికీలోంచి చూస్తోంది, ఆ ఆటోల్లోనే అమ్మ వచ్చేది, ప్రతి రెండో ఆదివారం, చిన్నప్పుడు తనుండి చదువుకున్న శామీర్‌పేటలో హాస్టల్‌కి, నాయిన ఎండలో జీపు తోలడని అలిగి తనే ఆటోలో, ఒళ్ళో సకినాల డబ్బా పెట్టుకుని, చెరువు కట్ట మీద కాల్చిన మక్కకంకి ఒకటి కాగితంలో చుట్టించుకుని, ఒకటే కంకి, ఉన్నది ఒక్క పిల్లే కదా, ఇంకొకటెందుకు, గేటు పక్కన మెట్ల మీద కూర్చుని సుచిత్ర కంకి మొత్తం తినేది, అమ్మ చూస్తుండేది, డబ్బా గదిలోకి తీసుకుపోతే వార్డెన్ మేడం వచ్చేది, షేర్ షేర్, అందరూ షేర్ చేసుకోవాలె, అనేది, సుచిత్రకి వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అదేనేమో, ఏబీసీడీల కన్నా ముందు ఆ మాటే నేర్చుకుంది, దాని అర్థం ఆమెకి అప్పుడే తెలుసు, ఎవరూ రాసి చెప్పక్కర్లేదు, షేర్ అంటే నీ డబ్బా ఖాళీ కావడం, అందరి చేతులూ నీ డబ్బాలో ఉండడం, అమ్మ చేతి నువ్వులు ఎవరెవరి పళ్ళ మధ్యో ఇరుక్కోవడం, దుప్పటి కప్పుకుని ఏడ్చింది, పక్క మంచం శోభారాణి అడిగింది, నాలుగు సకినాలకి ఏడుస్తవా, అని, ఆ శోభారాణికో చెల్లెలుండేది, భవిత, చిన్న క్లాసు, వాళ్ళమ్మ వచ్చిన ఆదివారం చూడాలి తమాషా, అమ్మకి ఇటుపక్క ఎవరు అటుపక్క ఎవరు, జడ ముందు ఎవరికి వెయ్యాలి, నీకు ఎక్కువ పెట్టింది అంటే నీకు ఎక్కువ పెట్టిందని జుట్లు పట్టుకునేవాళ్ళు, వాళ్ళమ్మ ఇద్దరి వీపుల మీదా చెరొకటి వేసేది, సుచిత్ర తన మెట్టు మీద కూర్చుని కంకి కొరుక్కుంటూ చూసేది, అయ్యో పాపం వాళ్ళమ్మ సగం సగమే వస్తుంది వాళ్ళకి, నాకైతే మొత్తం వస్తుంది, అనుకునేది, అలాగే అనుకునేది, కానీ అమ్మ ఆటో ఎక్కి వెళ్ళిపోయాక ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గేటు దగ్గరి నుంచి వచ్చేవాళ్ళు, అది కూడా చూసేది, ఆ చూసింది ఏమనుకోవాలో తెలిసేది కాదు.

ఇదంతా ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు, ఆటోల వల్ల, ఆ వెనక కూర్చున్న పిల్ల వల్ల, పిల్లేం కాదు, ముప్పై దగ్గర పడుతోంది, పోయిన వారం అమ్మ ఫోన్ చేసి చల్లగా చెప్పింది, మాఘంల మంచిరోజు సూసినం, నీకు ఒడిబియ్యం పోస్తం, సాయికి కూడ పోస్త, అని, కూరలో ఉప్పు కూడ వేస్త అన్నట్టు, అమ్మా పరాయోళ్ళకు ఎవలన్న పోస్తరా, పద్ధతి గాదు, అంది సుచిత్ర, ఎవ్వలు జెప్పిన్రు, అంది అమ్మ, ఎవ్వలు జెప్పుడేంది, లోకంల ఉన్నదే గదా, వాళ్ళ దిక్కు గీ ఆచారమే లేదు, ఆమెకు తెల్వనే తెల్వది, అంటే, తెల్వకుంటె నేర్చుకుంటది, తల్లి లేదు గా పిల్లకు, సదువుకునేటప్పుడే పోయిందంట, పెదనాన్న ఇంట్ల పెరిగింది, పెండ్లయినంక ఒక్కసారి పిలిచిన దిక్కు లేదు, పిడికెడు బియ్యం పోస్తె మన గోలెం ఒట్టిపోతదా, అంది అమ్మ, ఆ మాటకి సుచిత్రకి ఇంకా మండింది, తల్లి లేని పిల్ల అనగానే అందరూ కరిగిపోతారు, తల్లి ఉన్న పిల్ల కడుపు కాలుతుంటే మాత్రం ఎవరికీ పట్టదు, ఇది అసూయే, పేరు మార్చి దాచుకునే పని లేదు, ఈర్ష్య, కుళ్ళు, ఓర్వలేనితనం, కడుపుమంట, అమ్మ అయితే కండ్లమంట అంటుంది, చూడు తెలుగులో కూడా తక్కువేం లేవు, ఒక్క బాధకి ఇన్ని మాటలు, ఆ పిల్ల యాప్‌లో ఈ మాట వంతు వచ్చినప్పుడు గోడ దగ్గరికి వస్తే అప్పుడు చెప్పాలి, ఇందులో మా అమ్మని అడగాల్సిన పనిలేదు, నన్నడుగు, అన్నీ నా దగ్గరున్నాయి, అని.

అక్కా, అని వెనక నుంచి సాయిప్రియ సీటు పట్టుకుని ముందుకి వంగింది, మల్లెపూల వాసన, ఇద్దరికీ అని తనే దండలు గుచ్చుకొచ్చింది తెల్లారుజామున, అక్కా అక్కడ నేనేం చేయాలో చెప్పండి, మా వైపు సారె పెడతారు గానీ ఇలా ఒళ్ళో పోయడం ఉండదు, నేనేదన్నా తప్పు చేస్తే నలుగురిలో అమ్మకి చిన్నతనం అయిపోతుంది, అంది, అమ్మకి చిన్నతనం, వినండి, మా అమ్మకి చిన్నతనం అవుతుందేమోనని ఈమెకి దిగులు, సుచిత్ర వెనక్కి తిరగలేదు, ఏముంటది, కూసుంటె పోస్తరు, కొంగు గట్టిగ పట్టుకోవాలె, మూట కట్టుకోని లేసుడే, అంది, అంతేనా, అంది ఆమె, గంతేనా, ఇంకేదో ఉంటది గదా, అని అన్వేష్ కూడా అన్నాడు, నీకేం దెల్సు మొగోనివి, నువ్వు రోడ్డు సూసి తోలు, అంది సుచిత్ర, అంతే కాదు, అతనన్నది నిజమే, లేచే ముందు ఒడిలోంచి కొన్ని పిడికిళ్ళు తీసి తిరిగి చాటలో వేయాలి, తల్లిగారిల్లు నిండుగా ఉండాలని, అది వేయకుండా మూటతో లేచి వెళ్ళిన ఆడపిల్లని ఇల్లు ఊడ్చుకపోయింది అంటారు, పెద్దనాయిన భార్య పెద్దమ్మ అంటుంది, పెద్దమ్మ ఉండగా ఆ మాట అనకుండా రోజు గడవదు, అననీ, అందరి ముందూ అననీ, అప్పుడు అమ్మ చూస్తుంది, కన్నపిల్లకి తెలిసేది ఏంటో, నిన్న గాక మొన్న వచ్చినదానికి తెలియంది ఏంటో, నేనేం అబద్ధం చెప్పలేదు, ఒక్కటి చెప్పలేదు అంతే, అనుకుంది, మనసు కొంచెం చల్లబడింది, కిటికీ బయట ప్లాట్ల రాళ్ళు, వాటి మధ్య ఇంకా అమ్ముడుపోని ఒక మక్కచేను, థాంక్స్ అక్కా, మీరుంటే నాకు భయం లేదు, అని వెనక నుంచి వినబడింది, సుచిత్ర అద్దం పైకెత్తేసింది.

వాకిట్లో పసుపు నీళ్ళతో కడిగిన గడప, మామిడాకులు, లోపల హాల్లో పక్కపక్కన రెండు పీటలు, చెప్పినా, విన్నా, వారం నుంచి లోపల రగిలిపోతున్నా, కళ్ళతో చూసేసరికి వేరేగా ఉంది, రెండు పీటలు, రెండిటి కిందా ముగ్గు, అమ్మ గాజుల చేతులతో ఇద్దర్నీ ఒకేసారి పట్టుకుంది, వచ్చిన్రా బిడ్డా, వచ్చిన్రా, అని బహువచనంలో, నాయిన గౌరయ్య ఫోన్లో ఏదో ప్లాటు బేరం ఆపి, చెప్పులిడిచి కాళ్ళు కడుక్కుని వచ్చాడు, ఇద్దరికీ చీరలు పెట్టారు, లోపలికి పోయి కట్టుకుని వచ్చారు, సుచిత్రది ఆకుపచ్చ, బాగానే ఉంది, మంచి పట్టే, కానీ ఆ పిల్లది వంకాయ రంగు, వంకాయ రంగు ఎవరికిష్టమో అమ్మకి తెలియదా, పెళ్ళిలో వంకాయ రంగు కోసం మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ దాకా తిప్పింది ఎవరు, గీ రంగు సాయికి బాగుంటదని తీసిన, అంది అమ్మ పక్కన ఎవరితోనో, కూర్చున్నారు, నాయినా అమ్మా ఎదురుగా నిలబడ్డారు, చాట నిండా పసుపూ నూనే కలిపిన బియ్యం, అమ్మ వంగి ఒక దోసిలి సుచిత్ర ఒడిలో పోసింది, వెంటనే ఒక దోసిలి ఆ పిల్ల ఒడిలో, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, సుచిత్ర బియ్యం చూడడం లేదు, దోసిలి చూస్తోంది, ఎటు వచ్చేటప్పుడు నిండుగా ఉంది, ఎటు పోయేటప్పుడు వేళ్ళ సందుల్లోంచి జారుతోంది, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టేటప్పుడు కూడా చూసింది, అటు పెట్టిన కుడుక పెద్దది, చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, చంటిపిల్లలా ఏంటిది అని తనకే అనిపించింది, అనిపించినా కళ్ళు తిప్పుకోలేకపోయింది.

ఆ పిల్ల ఏడుస్తోంది, చప్పుడు లేకుండా, రెండు చేతులూ కొంగు పట్టుకుని ఉన్నాయి కాబట్టి తుడుచుకోవడానికి లేదు, కన్నీళ్ళు తిన్నగా బియ్యం మీదే పడుతున్నాయి, పట్టుకోవడం కూడా చేతకావడం లేదు, ఒక పక్క కొంగు జారి గింజలు నేల మీదికి రాలిపోతున్నాయి, గట్టిగ పట్టుకో అని చెప్పినా కదా, ఎప్పుడూ ఎవరూ ఏమీ పోయని ఒడికి పట్టుకోవడం ఎక్కణ్ణుంచి వస్తుంది, అని ఒక ఆలోచన వచ్చింది, ఆ ఆలోచన వచ్చినందుకు సుచిత్రకి తన మీదే చిరాకు వేసింది, జాలి పడడానికి కాదు కదా వచ్చింది, అంతలో పెద్దమ్మ అంది, ఇగ లేవుండ్రి, మూటలు కట్టుకోండ్రి, అని, సాయిప్రియ కొంగు చివర్లు దగ్గరికి తీసుకుంది, ముడి వేస్తోంది, లేవబోతోంది, చాటలో ఒక్క గింజ వేయలేదు, పెద్దమ్మ కళ్ళు చాట మీద పడ్డాయి, పెద్దమ్మ నోరు తెరవబోతోంది, ఇదే, దీని కోసమే కారులో అద్దం ఎత్తుకుని కూర్చుంది సుచిత్ర, కానీ అది వస్తుంటే సంబరం రావడం లేదు, తన వంతు ముందు కాబట్టి తన చెయ్యి తన ఒడిలోకి పోయింది, ఒక పిడికిలి తీసి చాటలో వేసింది, సల్లగుండాలె, అని ఎప్పుడూ అనే మాట గొణిగింది.

సాయిప్రియ అది చూసింది, చూసి మళ్ళీ పీట మీద కూర్చుండిపోయింది, ముడి విప్పి పిడికిలి నింపుకుంది, సుచిత్ర చాట దగ్గర్నుంచి పక్కకి జరిగి దారి ఇచ్చింది, కానీ ఆ చెయ్యి చాట వైపు రాలేదు, తిన్నగా వచ్చి సుచిత్ర ఒడిలో బియ్యం పోసింది, ఇంకో పిడికిలి, అదీ అక్కడే, హాల్లో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు, గదేంది పిల్లా, అక్క ఒడిల పోస్తవేంది, తల్లిగారింటికి ఇయ్యాలె, చాటల వెయ్యి, అంది పెద్దమ్మ, ఆ పిల్ల బిత్తరపోయి చుట్టూ చూసింది, మూడో పిడికిలి అలాగే గాల్లో ఉంది, తప్పా అండీ, ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళకే తిరిగివ్వాలనుకున్నాను, అమ్మ అక్కది కదా, నేను తీసుకుంటున్నది అక్క దగ్గరే కదండీ, అంది.

తెలుసన్నమాట, అనుకుంది సుచిత్ర, ఇన్నాళ్ళూ తెలుసు ఈమెకి, ఎత్తేసిన అద్దం, అందించినా తినని పెసరట్టు, గోడ మీంచి ముక్తసరిగా ఇచ్చిన జవాబులు, అన్నీ లెక్కలోనే ఉన్నాయి, అయినా వచ్చింది, దండ గుచ్చుకుని మరీ వచ్చింది, ఒడి బరువుగా ఉంది, అమ్మ పోసింది ఎంతో ఈమె పోసింది ఎంతో కలిసిపోయాయి, విడదీసే దారి లేదు, అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఏదో అనాలి, నలుగురూ చూస్తున్నారు, ఏడుపు వస్తుందేమోనని భయం వేసింది, వచ్చింది ఏడుపు కాదు, కోపం, ఏయ్ పిల్లా, గట్ల గాదే, అని ఆ మణికట్టు పట్టి చాట మీదికి లాగింది, నాది నాకున్నది, నీది గీడ వెయ్యాలె, నీ తల్లిగారిల్లు గీడున్నది, వెయ్యి, జల్దీ వెయ్యి, కొంగు సరిగ్గ పట్టుకో, సగం నేల పాలు చేసినవు, అని గట్టిగా కసిరింది, ఇంతవరకు ఈమెని నువ్వు అనడం తప్ప ఏయ్ అనలేదు, గాదే అనలేదు, అలా కసరడానికి మనుషులు కావాలి, సుచిత్రకి ఎప్పుడూ లేరు, సాయిప్రియ కళ్ళు తుడుచుకోకుండానే పిడికిలి విప్పింది, బియ్యం చాటలో పడ్డాయి, సల్లగుండాలె, అని సుచిత్ర అన్నట్టే అనబోయి తన యాసలో చల్లగుండాలి అంది, పెద్దమ్మ నోరు మూసుకుంది, అమ్మ చాట ఎత్తుకుంటూ, ఇగ మొదలైంది వీళ్ళిద్దరిది, నా పానం తింటరు, అని నాయినతో అంది, అనే తీరు విసుక్కుంటున్నట్టు లేదు.

సుచిత్ర వంగి ఆ పిల్ల ఒడిలోంచి పెద్ద కుడుక తీసుకుంది, తన చిన్న కుడుక అక్కడ పెట్టింది, నేను పెద్దదాన్ని, పెద్దది నాకుండాలె, అంది ఎవరి మొహం చూడకుండా, అన్వేష్ గుమ్మంలో నిలబడి పకాలున నవ్వాడు, సాయిప్రియ ఒడి రెండు చేతులతో పట్టుకుని, నాదేం చిన్నది కాదుగా, అని కుడుక వైపు చూసుకుంది, చూసుకుంది, నిజంగానే చూసుకుంది, ఎవరిది పెద్దదో అని, ఆ చూపు ఎక్కడిదో సుచిత్రకి తెలుసు, శామీర్‌పేట హాస్టల్ గేటు పక్కన మెట్ల మీద చూసింది, శోభారాణి, భవిత, అటుపక్క ఎవరు ఇటుపక్క ఎవరు, జడ ముందు ఎవరికి, అప్పుడు కంకి మొత్తం చేతిలో పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఏమనుకోవాలో తెలియక చూసింది ఇదే, వాళ్ళ దగ్గరుండి తన దగ్గర లేనిది ఇదే, ఈ మంటే, మంట చల్లారలేదు, వంకాయ రంగు చీర ఇప్పటికీ గుచ్చుతోంది, పోయేటప్పుడు కారులో చీరలు మార్చుకుందామా అని అడగాలి, ఇవ్వకపోతే అమ్మకి చెప్పాలి, సాయంత్రం అమ్మ ముందు ఎవరికి ఫోన్ చేస్తుందో చూడాలి, రేపు చూడాలి, ఐదేళ్ళ తర్వాత మళ్ళీ రెండు పీటలు వేస్తే మళ్ళీ దోసిళ్ళు చూడాలి, ఇది ఇవాళ్టితో పోయేది కాదు, ఇన్నాళ్ళకి ఇంట్లో చెల్లెలు పుట్టింది, పెద్దపిల్ల ఏడవకుండా ఎలా ఉంటుంది.